అంకె లేని పేరు

2061 నాటికి చీరాలలో నెట్‌పేరు, అంటే నెట్‌లో నమోదైన గుర్తింపు పేరు, లేనివాళ్లకు ఆసుపత్రి తలుపు కూడా తెరుచుకోదు. ఆ పేర్లు నమోదుచేసే రిజిస్ట్రార్‌గా గుర్తింపు కోసం మగ్గం నేసే నాగరత్నం మూడేళ్లు తిరిగింది. చివరికి తనిఖీ అధికారి ఆమె ఇంటికొచ్చి పెదవి విరిచాడు.

"నీ పేరు చివర అంకెలున్నాయి. రిజిస్ట్రార్‌కి పనికిరాదు. జాబితాలో 'జుంబిక' ఖాళీగా ఉంది, అది పెట్టుకో."

"నా పేరు ఇంకెవరికో ఉందని ఆ అంకెలు తగిలించింది మీ ఆఫీసేగా!"

"రూలు రూలే."

గుమ్మంలో పక్కింటి పోలేరమ్మ, జ్వరంతో కాలిపోతున్న ఇంకా నెట్‌పేరు లేని పసిబిడ్డతో ఏడుస్తోంది. నాగరత్నం జుంబికగా సంతకం చేసి, వెంటనే బిడ్డకు పేరు నమోదుచేసి, తల్లీబిడ్డల్ని ఆసుపత్రికి పంపింది.

"అభినందనలు, జుంబిక గారూ!"

"పసిదాని ఒళ్లు కాలుతుంటే పేరు బేరమాడినోడివి. నువ్వేమని పిలిస్తే నాకేంటి? బయటికి నడు."