ముప్పై ఏడో భాగం

రిమోట్‌లో బ్యాటరీలు లేవు.

"ఎవరు తీశారు?" అన్నాడు తండ్రి.

"నా గడియారంలో వేశా," అంది పదమూడేళ్ళ కూతురు, పుస్తకంలోంచి తలెత్తకుండా.

"నీ గడియారం పాడై ఆరు నెలలైంది కదే!"

"అందుకే వేసి చూశా. ఇంకా పాడయ్యే ఉంది."

"ఇస్తావా, ఇవ్వవా?"

"ఇస్తే మళ్ళీ ఆ బాతేగా! నేను ఇవ్వను."

సోఫాలో కాళ్ళు మడుచుక్కూర్చున్న నాయనమ్మ కల్పించుకుంది. "ఇచ్చెయ్యవే తల్లీ. ఆ బాతుని చూడకపోతే మీ నాన్నకి తిన్నది అరగదు."

"చూస్తే నాకు అరగదు!"

వంటింట్లోంచి గరిటె గిన్నె మీద రెండుసార్లు మోగింది. ఒకసారి మోగితే అన్నానికి రమ్మని. రెండుసార్లు మోగితే నోళ్ళు మూసుకోమని.

"హైకోర్టు తీర్పు వచ్చేసింది," అంది నాయనమ్మ.

కూతురు బ్యాటరీలు తెచ్చి తండ్రి ముందు టక్కున పెట్టింది.

ఆ బాతు ఒక హాస్య కార్టూన్ సీరియల్‌లోది. ఒకప్పుడు పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ సాయంత్రం ఆరున్నరకి అదే మోగేది. తండ్రి ఆ స్టూడియోలో సౌండు రికార్డిస్టు. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని అద్దానికి ఇవతల కూర్చుని, అవతల గదిలో గొంతులిచ్చేవాళ్ళకి వేలితో సైగ చేసేవాడు. ఆయన బొటనవేలు ఎత్తాడంటే టేకు ఓకే.

ముప్పై ఆరు భాగాల పాటు తల్లిబాతు కీచుగొంతుతో జనాన్ని కడుపుబ్బ నవ్వించింది. ముప్పై ఏడో భాగంలో ఆ కీచు రాలేదు. బాతు నోరు తెరిస్తే మామూలు ఆడమనిషి గొంతు, అదీ కాస్త బొంగురుగా వచ్చింది. "బాతు మాట్లాడుతోందా, పక్కింటావిడ మాట్లాడుతోందా?" అని ఉత్తరాలు వచ్చిపడ్డాయి. ఆ సీరియల్ మొత్తంలో అంత చెత్త భాగం లేదని ఇప్పటికీ అంటారు. ముప్పై ఎనిమిది నుంచి బాతుకి కొత్త మనిషిని పెట్టారు.

ఇప్పుడు కంపెనీ సీరియల్ మొత్తాన్ని మళ్ళీ విడుదల చేస్తోంది. ముప్పై ఏడో భాగాన్ని కొత్త గొంతుతో రికార్డు చేసి పాతది తీసేస్తామని, అందుకు సమ్మతి కావాలని కాగితం పంపింది. కింద రెండు గడులు: మార్చవచ్చు, మార్చవద్దు. వాటి కింద సంతకానికి చుక్కల గీత. తండ్రి ఆ కాగితాన్ని టీవీ స్టాండు కింద దాచి పది రోజులైంది.

"రేపే కదరా ఆఖరి రోజు," అంది నాయనమ్మ గొంతు తగ్గించి. "ఏదో ఒకటి తేల్చు."

"ఎలా తేల్చమంటావమ్మా?"

"మార్చెయ్యనీ నాన్నా," అంది కూతురు. "మా క్లాసులో ఫోన్లో ఆ భాగం పెట్టుకుని పడీపడీ నవ్వుతారు. నేనూ నవ్వుతా. నవ్వక ఏం చెయ్యను?"

తండ్రి రిమోట్‌లో బ్యాటరీలు వేశాడు. డిస్కు పెట్టి కళ్ళు మూసుకున్నాడు. ఆయన ఆ భాగాన్ని ఎప్పుడూ చూడడు. వింటాడు.

ఏడో నిమిషం దగ్గర ఆపాడు. వెనక్కి తిప్పాడు. మళ్ళీ ఆపాడు.

"ఇదిగో, ఇక్కడ. విన్నావా అమ్మా? గొంతులో జీర. ఎంత స్పష్టంగా ఉందో చూడు. నేను మైకు అనుకున్నా. మైకు మార్చా. తర్వాత జలుబనుకున్నా. వేడినీళ్ళు తెప్పించా. ఇరవై ఏళ్ళుగా గొంతులు వినడమే నా పని. విని కూడా బొటనవేలు ఎత్తా."

"ఎన్నిసార్లు వెనక్కి తిప్పితే మాత్రం ఏం లాభంరా? మళ్ళీ ముందుకే పోతుందిగా!"

ఆయన మళ్ళీ తిప్పాడు.

తెర మీద పిల్లబాతు చెరువులోంచి రానని మొరాయిస్తోంది. తల్లిబాతు గట్టు మీద నిలబడి పిలిచింది. "రా తల్లీ, చీకటి పడుతోంది. అన్నం చల్లారిపోతోంది."

వంటింట్లో కుళాయి ఆగింది. కూతురు చెవులు మూసుకుంది. ముగ్గురూ ఒక్కసారే వంటింటి వైపు చూశారు.

డిస్కు కిరకిరమని అక్కడే ఇరుక్కుపోయింది. "చల్లారి... చల్లారి... చల్లారి..."

తండ్రి లేచి వెళ్ళి టీవీ ఆపాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు అక్కడే నిలబడ్డాడు.

గరిటె ఒకసారి మోగింది.

అందరూ భోజనాల బల్ల దగ్గర చేరారు. తల్లి అందరికీ వడ్డించింది. అత్తగారికి కాస్త మెత్తగా ఉన్న అన్నం, కూతురికి అడగకుండానే ఇంకో గరిటెడు కూర. కూతురు వేళ్ళతో మెతుకులు కెలుకుతోంది.

అప్పుడు గరిటె మూడుసార్లు మోగింది.

ముగ్గురూ తలెత్తారు. మూడంటే ఏమిటో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

తల్లి కూర గిన్నె పక్కకి జరిపి, బల్ల మధ్యలో ఒక కాగితం పెట్టింది. టీవీ స్టాండు కింద దాచిందే. ఆ స్టాండు కింద రోజూ ఊడ్చేది ఎవరో తండ్రి మర్చిపోయినట్టున్నాడు.

నాయనమ్మ కళ్ళజోడు కోసం తడుముకుంది. కూతురు ముందుకి వంగి చదివింది. 'మార్చవద్దు' అన్న గడిలో టిక్కు. చుక్కల గీత మీద సంతకం.

"మార్చొద్దా?" అంది కూతురు. "మళ్ళీ అందరూ నవ్వుతారు!"

తండ్రి చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు.

తల్లి గరిటె కింద పెట్టి, మూడేళ్ళ కిందట ఆపరేషన్‌లో గొంతు పోయినప్పటి నుంచి చేతికందేలా ఉంచుకుంటున్న కూతురి చిన్నప్పటి పలక తీసుకుని, "ఆ ముప్పై ఆరూ బాతు గొంతులు, ఇదొక్కటే నాది, ఉండనివ్వండి" అని రాసింది.