పై ఊరి ఒంటి ఓటు

ఇదిగో తల్లీ, ఇక్కణ్ణుంచి రాసుకో. ఎమ్మెల్యే అంగ్‌రూప్ పై ఊరి ముసలామె గుమ్మం ముందున్న బండ మీద కూలబడ్డాడు. ఊపిరి అందాక, "ఆమా, ఈసారి నీ మాట తీసుకోనిదే కొండ దిగను," అన్నాడు.

ఆయన సంచి మోసుకుంటూ నేనూ వెనకే ఉన్నాను. రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి మూడు గంటల ఎక్కుడు. పై ఊళ్ళో వాళ్ళంతా బఠాణీ చేలు వదిలేసి కిందికి దిగిపోయారు. ఛేరింగ్ బూటీ ఒక్కతే మిగిలింది. అందరం ఆమా, అంటే అమ్మా, అనే పిలిచేవాళ్ళం. ఎన్నికలొస్తే ఆ ఒక్క మనిషి కోసం సర్కారు వాళ్ళు కంచరగాడిద మీద ఓట్ల మిషను కట్టుకుని పైకి వచ్చేవాళ్ళు. మిషనులో పడేది ఒకటే ఓటు. ఇక అందులో దాపరికమేముంది? మూడు ఎన్నికల్లోనూ అది అవతలి పార్టీకే పడింది. మూడుసార్లూ అంగ్‌రూప్ గెలిచాడు. మూడుసార్లూ మెడలో దండ వాడకముందే ఎవడో ఒకడు, పై ఊరి సంగతేమైందని అడిగి నవ్వేవాడు.

అప్పటికి ఆయనకు అరవై ఏడు. ఇదే ఆఖరిసారి నిలబడటం అని ఇంట్లో చెప్పేశాడు. ఆ ఒక్క ఓటూ పడితే చాలు, హాయిగా వెళ్ళి పొయ్యి పక్కన పడుకుంటానని దారి పొడుగునా నాతో అంటూనే ఉన్నాడు.

ఆమా ఉప్పు టీ గిన్నెలో పోసి చేతికిచ్చింది.

"ముందు తాగు ప్రధాన్. చల్లారితే వెన్న గడ్డకడుతుంది."

ఎమ్మెల్యే అయి పదిహేనేళ్ళయినా ఆమె నోట ఆయన ఇంకా పంచాయతీ ప్రధానే, అంటే సర్పంచే.

ఆయన టీ తాగుతూ చేసినవన్నీ గుర్తుచేశాడు. వాగు మీద నడక వంతెన వేయించాడు. ఇంటి కప్పు మీద ఎండతో వెలిగే దీపం పెట్టించాడు. మంచు జారి దారి తెగిన ప్రతిసారీ మనుషుల్ని పంపి బాగు చేయించాడు. ఆమె అన్నిటికీ తల ఊపింది. వంతెన బాగుందంది. దీపం ఇంకా బాగుందంది. మేకలు కూడా బెదరడం మానేశాయంది.

"మరి ఓటు అవతలివాడికెందుకు వేస్తావు? వాడు ఒక్కసారైనా ఇటు తొంగిచూశాడా?"

"లేదు. ముఖమెలా ఉంటుందో కూడా తెలీదు. మీసాలున్నాయా?"

"ఉన్నాయి."

"పోన్లే, ఏదో ఒకటుంది."

నేను నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగాను. ఆయన మాత్రం నవ్వలేదు. గిన్నె కింద పెట్టి మోకాళ్ళు పట్టుకున్నాడు.

"ఆమా, నేను అలిసిపోయాను. నావల్ల తప్పేం జరిగిందో చెప్పు. దిద్దుకుంటాను."

ఆమె ఎదురుగా వచ్చి కూర్చుంది.

"కింద లామాల గోంపా పక్క ఊరు నీకెన్ని ఓట్లేసింది?"

"మొత్తం. నూట నాలుగూ నాకే."

"గెలిచాక ఎన్నిసార్లు వెళ్ళావు ఆ ఊరికి?"

ఆయన గిన్నెలోకి చూశాడు.

"వాగు అవతలి ఊరికో?"

ఆయన గిన్నెను కాస్త పక్కకు జరిపాడు.

"ఇక్కడికి పద్నాలుగుసార్లొచ్చావు. ఓటేసినవాళ్ళ గడప నువ్వు తొక్కవు. వెయ్యని నా దగ్గరికి మోకాళ్ళు పట్టుకుని మరీ వస్తావు. మంచు పడిందంటే ఆరు నెలలు నాకు మనిషి ముఖం కనబడదు. నేనూ ఓటేశాననుకో, ఇక ఈ గుమ్మంలోకి ఎవరొస్తారు నాయనా?"

 అంగ్‌రూప్ లేచి, ఆమె రెండు చేతులూ కళ్ళకద్దుకున్నాడు. ఓటు మాట మళ్ళీ ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు, మంచు పడకముందే ఇంకోసారి వస్తానన్నాడు.

ఎక్కడం కంటే దిగడమే ఆయనకు కష్టమైంది. నా భుజం పట్టుకుని నాలుగు మలుపుల్లో నాలుగుసార్లు కూర్చున్నాడు. రెండో మలుపులో కాలు జారి, చేతులు ఆనించి కూలబడ్డాడు. తలెత్తి చూస్తే ఆమా కొండ అంచున నిలబడి మమ్మల్నే చూస్తోంది. మేం కనుమరుగయ్యేదాకా లోపలికి పోలేదు.

ఓట్ల లెక్కింపు కింద పట్నంలోని బడిలో జరిగింది. అంగ్‌రూప్ అప్పటికే బాగా ముందున్నాడు. పై ఊరి మిషను తెరిచేసరికి హాల్లో అందరూ బల్ల చుట్టూ మూగారు. అలవాటుగా నవ్వడానికి అవతలివాళ్ళు సిద్ధంగా ఉన్నారు.

అధికారి అంకె చూసి, ఇంకోసారి చూసి, చదివాడు. అంగ్‌రూప్‌కు ఒకటి.

అవతలి పార్టీవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. మనవాళ్ళు ఆయన్ని ఎత్తుకోబోయారు. ఆయన అందర్నీ తప్పించుకుని వచ్చి బడి మెట్ల మీద కూర్చున్నాడు. మిఠాయి తీసుకుని నేను వెళ్ళేసరికి ముఖం చేతుల్లో దాచుకుని ఉన్నాడు. మూడుసార్లు ఇవ్వనిది ఇప్పుడిచ్చిందిగా, ఏడుపెందుకని అడిగాను.

"ఓటివ్వడం కాదురా అది," అన్నాడు మోకాలు రుద్దుకుంటూ. "ఇక నన్ను కొండెక్కొద్దంది."

అంతే తల్లీ. ఇది మీ చిన్నాన్నకు ఫోన్లో నిదానంగా చదివి వినిపించు. మొన్న ఎన్నికల్లో గెలిచాడుగా, మన ఊరి ఓట్లన్నీ వాడికే పడ్డాయి.