నలభై ఒకటో జవాబు

"ఒక్కడంటే ఒక్కణ్ణి చూపించండి మాస్టారూ! మీ మిషన్ ప్రశ్నలకి నిజంగా బుర్రపెట్టి ఆలోచించినవాణ్ణి. రేపు పొద్దున్నకల్లా! లేకపోతే వచ్చే ఏడు సోషియాలజీ ఉండదు," అన్నాడు ప్రిన్సిపాల్, నలభై జవాబుల కట్ట బల్లమీద పడేసి.

సోషియాలజీ మాస్టారు ఆ కట్ట తీసుకుని బయటికొచ్చాడు. ఆ ఏఐ మిషన్ ఎవరికీ జవాబు చెప్పదు. ఏం చెప్పినా ఇంకో ప్రశ్న వేస్తుంది. పిల్లలు తమ ఇంటి సంగతులు తామే ఆలోచించుకోవాలని ఆయన ముచ్చటపడి పెట్టిన ఏర్పాటది. తీరా చూస్తే నలభై జవాబులూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి.

క్లాసులో గట్టిగా నిలదీస్తే ఫస్ట్ బెంచి పిల్ల తల గోక్కుంది.

"మీ మిషన్ అడిగింది సార్, మా ఫోన్లో మిషన్ చెప్పింది. మధ్యలో మేమెందుకని..."

హతవిధీ! రెండు మిషన్లు కబుర్లు చెప్పుకుంటుంటే తను కూర్చుని మార్కులు వేశాడన్నమాట.

నీరుగారిపోయి స్టాఫ్ రూములో కంప్యూటర్ ముందు కూలబడ్డాడు. అప్పుడు కనిపించింది జాబితా అడుగున, పేరు లేని నలభై ఒకటో జవాబు. క్లాసులో ఉన్నది నలభై మందే!

"ఇంటిపనంతా ఆమెదే. ఇష్టంగానే చేస్తుంది."

"ఇష్టమని మీకెలా తెలుసు?" అని అడిగింది మిషన్.

"ఎప్పుడూ కాదనలేదు."

"కాదనే వీలుందా?"

రెండ్రోజుల పాటు ఏమీ లేదు. ఆ తర్వాత ఇలా ఉంది: "అడిగాను. ఏడ్చేసింది. ఆగిపోయిన చదువు పూర్తిచేయాలని ఉందట. ఒకే ఇంట్లో ఉంటూ నాకీ సంగతి తెలియకపోవడమేమిటి? అంతా అయోమయంగా ఉంది."

మాస్టారి కళ్లు చెమర్చాయి. పాపం, ఎవడో వాళ్లమ్మ గురించి రాశాడు. ఆ ఇంట్లోవాళ్లు ఎంత మొద్దులైతే ఇన్నాళ్లూ ఒక్కరూ ఆవిడని అడగలేదు! తనకి కావలసినవాడు వీడే.

కానీ ఎవడు? క్లాసంతా గాలించాడు. వెనక బెంచివాళ్లు మేం కాదని ఒట్టేశారు. పోయినేడు పాసైనవాళ్లకి ఫోన్లు చేస్తే, "మాకెందుకు సార్ ఇంకా ఆలోచనలు!" అని నవ్వారు.

ఇంటికొచ్చేసరికి అక్కడా అంతా తలకిందులుగా ఉంది. అమ్మ సింకు దగ్గర గిన్నెలు తోముతోంది. భార్య హాల్లో కాళ్లు చాపుకుని ఏదో పుస్తకంలో మునిగిపోయింది. ఒంట్లో బాగాలేదేమోలే అనుకుని, మాస్టారు వంటింట్లోకి కుర్చీ లాక్కుని తన గోడంతా అమ్మ దగ్గర వెళ్లబోసుకున్నాడు.

"రేపటికి ఆ నలభై ఒకటోవాడు దొరక్కపోతే నా సబ్జెక్టు గోవిందా అమ్మా! వాడెవడో అంతు చిక్కట్లేదు."

అమ్మ చేతులు తుడుచుకుంది. హాల్లో ఉన్న కోడలి వైపు ఓసారి చూసింది.

"రోజూ ఇంట్లో నీ కంప్యూటర్ తెరిచిపెట్టే కాలేజీకి పోతావు కదరా," అంది మెల్లగా.

"వాడు కాదురా, నేను."