పసుపు రాసిన పడవ

మా పడవకు ప్రాణం ఉంది. ఈ తీరంలో ఇప్పుడు అన్ని పడవలూ అంతే. అల ఎక్కడ ఎక్కువగా కొడితే అక్కడ వాటి ఒళ్లు దళసరి అవుతుంది. బీట పడితే రాత్రికి రాత్రే పూడుకుంటుంది.

కానీ మా పడవకు రాయి గీసుకుని పడిన బీట వారమైనా పూడలేదు. చేపల వేట నిషేధం ఆ రోజుతో ముగుస్తుంది.

"రేపు అందరితోపాటు నానూ ఎల్తాను," అన్నాడు మా ఆయన ఎల్లాజీ.

బీటలో నా వేలు దూరుతోంది. ఇతను వింటేగా. భయంతో వంగి మళ్లీ చూశాను. పడవ రంగే పసుపు కావడంతో ఇన్నాళ్లూ కంటికి ఆనలేదు గాని, వాసన పట్టించింది.

"అత్తా, దీనికి పసుపు రాస్తన్నావా?"

"రోజూ పొద్దున్నే అరచేత్తో అదిమి పెడతన్నాను. దెబ్బ తగిల్తే పసుపెట్టరేటి?" అంది మా అత్త పోలమ్మ.

పసుపు క్రిముల్ని చంపుతుంది. మా పడవ ఒంట్లో ఉండి బీటల్ని అతికించేవీ క్రిములే. సంగతి చెప్పగానే అత్త బిందెతో సముద్రపు నీళ్లు తెచ్చి, తన కొంగుతోనే బీటంతా కడిగింది.

తెల్లారేసరికి బీట పూడింది. దాని మీద అరచేయంత మేర, ఐదు వేళ్లతో సహా, పడవ ఒళ్లు ఉబ్బి ఉంది. ఎల్లాజీ సుత్తితో తట్టి చూశాడు. పడవ మొత్తంలో అంత గట్టి చోటు ఇంకొకటి లేదు.

"ఇదేటే?" అన్నాడు.

నేను అత్త చెయ్యి పట్టుకుని దాని మీద ఆనించాను. సరిగ్గా సరిపోయింది. రోజూ అక్కడే అదిమిన ఆ చేతిని పడవ అల అనుకుంది.