కోల్డ్ అంటే ఏటి

“దూరంగా ఉండు, నా సెయ్యి తగిల్తే బొబ్బలెక్కుతాయి.”

గుమ్మంలో అడుగు పెట్టకముందే అన్నాను. రోజూ అనేదే.

నా కూతురు భవ్యశ్రీ నా వైపు రానేలేదు. మా తోటికోడలు ఇందు ఒడిలో తల పెట్టుకుని పడుకుంది.

కాశీబుగ్గ జీడిబట్టీలో పొద్దంతా పిక్కలు కొట్టి వస్తాను. బూడిద రాసినా, ఆముదం రాసినా చేతులకు పట్టిన జీడి చమురు వదలదు. తోలు ఊడివస్తుంది.

పిల్లది లేత ఒళ్లు. కంట్లో పడితే?

సెలవునాడు కూడా ముట్టుకోను.

ఇందు వేళ్లు దాని జుట్టులో తిరుగుతున్నాయి. గోళ్లకు గులాబీ రంగు.

“మనుషులకి కూడా వాడతారే ఈ మాట. కోల్డ్. ఏదీ, ఒక వాక్యం సెప్పు” అంది ఇందు.

“మై మదర్ ఈజ్ కోల్డ్.”

ఇందు వేళ్లు ఆగిపోయాయి.

మదర్ అంటే నాకు తెలుసు. “కోల్డ్ అంటే ఏటే?” అన్నాను.

“ఏదో పాఠంలోదిలే అక్కా.”

“దాన్ని సెప్పనీ.”

“మంచోళ్లేనమ్మా” అంది భవ్యశ్రీ. “కానీ దగ్గరికి రానీరు. ముద్దాడరు. అలాటోళ్లని అంటారు.”

“మరి ముద్దాడేవోళ్లని?”

“వార్మ్.”

ఎవరని అడగలేదు. ఆ గులాబీ గోళ్లనే చూశాను. ఒక్క పూట ఈవిడ బట్టీలో కూర్చుంటే బాగుండుననిపించింది.

“అక్కా, మీ మరిది ఉద్యోగం టెక్కలికి మార్సీసినారు. సోమారం ఎల్లిపోతాం” అంది ఇందు, మాట మార్చినట్టు. “పిల్లని కూడా తీసుకెల్తాం. అక్కడ సదూకుంటాది. నువ్వేటంటావు?”

పిల్ల ఎక్కిన టెక్కలి బస్సు కళ్ల ముందు కదిలింది. బోల్తాపడిన బస్సు.

ఆ వెనకే ఇంకో భయం. సెలవులకి వచ్చి, నన్ను పెద్దమ్మా అంటుందేమో.

“నన్నడుగుతావేటి? దాన్నే అడుగు. దానికి పిన్నుంటే సాలు” అన్నాను. పిల్ల వైపు తిరిగి, “ఎల్తావా?” అన్నాను.

భవ్యశ్రీ లేచి కూర్చుంది. కాలి బొటనవేలితో గచ్చు మీద గీస్తోంది.

పెరట్లోకి వెళ్లి బూడిదతో చేతులు తోముకున్నాను. మళ్లీ తోముకున్నాను. ఎసరు పెట్టాను. ఎసరు మరిగింది. అన్నం ఉడికింది. గంజి వార్చాను.

వెనక నుంచి భవ్యశ్రీ గొంతు.

“నువ్వుండమంటావేమోనని సూత్తన్నానమ్మా.”