మెడ మీది రంగు

"మీ ఆయనది కాస్త నోటి దురుసు, అంతేనమ్మా. పాపం, బయట ఎండలో బండి మీదే ఉన్నాడు. బయల్దేరు," అన్నాడు తండ్రి, కుంచె ఆపకుండానే.

పాత దయ్యాల పుస్తకాల్లోని బొమ్మలను చేత్తో మళ్లీ గీసి, రంగులద్ది అమ్మడం ఆయన పని. ఇప్పుడు వేస్తున్నది, పాడుబడిన కోటలో ప్రేతం గొంతు పిసికిన పెళ్లికూతురి బొమ్మ.

"నోరు కాదు నాన్నా, చెయ్యి! పోయినసారీ చెప్పానుగా, గొంతు పట్టుకున్నాడని."

"చెప్పావులే. నేనేమన్నా చూశానా? నిక్షేపంలా మెడకి చున్నీ చుట్టుకుని తిరిగావు."

కూతురు సంచీ అందుకుంటూ బొమ్మ వైపు చూసి ఆగిపోయింది. పక్కన తెరిచి ఉన్న పుస్తకంలో అచ్చుబొమ్మ నలుపూ తెలుపే. తండ్రి వేసిన మెడ మీద మాత్రం వేళ్ల గుర్తులు కమిలి ఊదాగా ఉన్నాయి, అంచుల్లో పసుపు తిరిగి.

"ఈ రంగెక్కడిది నాన్నా?"

"ఊహించి వేశాను."

"ఈ చెవి కింద బొటనవేలి గుర్తు? పుస్తకంలో లేదే!"

ఆయన తల దించుకున్నాడు. "పోయినసారి నిద్రలో నీ చున్నీ తొలగిందమ్మా."

"చూశావన్నమాట. చూసే, ఆ సాయంత్రం నన్ను బండెక్కించావు."

బయట హారన్ మోగింది.

"పోనీ, ఉండిపో తల్లీ. నేను చెబుతాను అతనికి."

"నేనే చెబుతాను." కిటికీలోంచి "నేను రావడం లేదు, పో!" అని అరిచి, సంచీ భుజాన వేసుకుంది.

"మరి సంచీ ఎందుకే?"

"ఇక్కడా ఉండను నాన్నా," అని పెరటి తలుపు తీసింది.