ఫ్రిజ్ వెనక తలుపు

“ఎనక గాలాడకపోతే ఫ్రిజ్ ఎలా సల్లబడతాది మావుసీ? జానెడు ముందుకి లాగాల,” అన్నాడు మెకానిక్ ప్రద్యుమ్న, అరుణని ఒరియాలో పిన్నీ అని పిలుస్తూ.

“లాగితే తలుపుకి అడ్డేటుంటాది?” అంది అరుణ. “అవతల మా తోడికోడలి వంటిల్లు. ఇల్లు పంచుకున్న రోజే అటునుంచి గడియేసీసుకుంది మహాతల్లి. నేనూ ఫ్రిజ్ అడ్డం పెట్టీసినాను.”

గోసాని నువాగాంలోని ఆ ఇల్లు అన్నదమ్ములు పంచుకుని మూడేళ్ళయింది.

“అయితే రోజూ పాలు ఇరిగిపోతూనే ఉంటాయి.”

అరుణ విసుగ్గా పక్కకి తప్పుకుంది. ప్రద్యుమ్న ఫ్రిజ్ లాగి, దాని వెనక దుమ్ము దులుపుతూ తలుపుకి ఆనుకున్నాడు. తలుపు అవతలికి తెరుచుకుంది.

కొబ్బరి కోరుతున్న తోడికోడలు బాలామణి తలెత్తింది.

“గడియ వెయ్యలేదేటి?” కోపంగానే అడిగింది అరుణ.

“ఏసినానని నీకెవరు సెప్పారు? పంపకాల మర్నాడు నీకు పప్పట్టుకొచ్చి తలుపు తీస్తే, నీ ఫ్రిజ్ వీపు కనిపించింది. ఎనక్కెళ్ళిపోయినాను.”

బాలామణి మళ్ళీ కొబ్బరి కోరడంలో పడింది.

“మళ్ళీ ఇక్కడే పెట్టనా మావుసీ?”

అరుణ ఎవరి వంకా చూడకుండా ఎదుటి గోడ చూపించింది.

“అటు పెట్టు. అక్కడా ప్లగ్గుంది.”